కోళ్ల లోడు ఆపాల్సింది ఎక్కడ? చిత్తూరు బోర్డర్‌లో జబ్బుల రూల్స్ మీద ఒక విశ్లేషణ

చిత్తూరు జిల్లా మ్యాప్ ముందు పెట్టుకుంటే ఈ విషయం సగం అక్కడే అర్థమైపోతుంది. తూర్పు, దక్షిణం వైపు తమిళనాడు, పడమర కర్ణాటక, చిత్తూరు టౌన్ నుంచి వేలూరు పోవడానికి గంట పడితే ఎక్కువ, కుప్పం వాళ్ళకైతే సొంత జిల్లా కేంద్రం కంటే కృష్ణగిరే దగ్గర. కోళ్ల ఫారాలు పెట్టినవాళ్ళు కూడా ఈ లెక్క చూసుకునే పెట్టారు, ఎందుకంటే సరుకు అమ్ముడయ్యే ఊళ్ళు చెన్నై, బెంగళూరు, వేలూరు, ఇటు తిరుపతి. నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వాళ్ళు రోజూ ఇచ్చే గుడ్ల రేట్ల పట్టికలో చెన్నై, నామక్కల్, విజయవాడతో పాటు చిత్తూరు పేరు కూడా విడిగా ఉంటుంది. గుడ్లు బయటికి పోతాయి, బ్రాయిలర్లు బయటికి పోతాయి, హేచరీ (గుడ్లు పొదిగించే చోటు) నుంచి పిల్లలు లోపలికి వస్తాయి, మేత, మందులు, ఖాళీ ట్రేలు లోపలికి వస్తాయి, కోళ్ల ఎరువు మామిడి తోటలకి, టమాటా పొలాలకి పోతుంది. ఇక్కడ కోళ్ల వ్యాపారం అంటేనే బోర్డర్ దాటే వ్యాపారం, నరహరిపేట దగ్గరో, నగరి దాటాకో, పలమనేరు అవతల నంగిలి దగ్గరో ఒక బండి ఆగిందంటే ఆ దెబ్బ నేరుగా షెడ్డు దాకా వస్తుంది.

2025 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. గోదావరి జిల్లాల్లో కోళ్లు గుంపులు గుంపులుగా చనిపోతుంటే శాంపిల్స్ భోపాల్ ల్యాబ్‌కి పంపారు, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది, తర్వాత ఏలూరు జిల్లా బాదంపూడి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం పేర్లు కూడా వచ్చాయి. వెంటనే తెలంగాణ తన బోర్డర్ చెక్‌పోస్టుల్లో ఏపీ నుంచి వచ్చే కోళ్ల బండ్లని వెనక్కి తిప్పింది. ఏ ఫారం నుంచి వచ్చింది, ఏ జిల్లా నుంచి వచ్చింది అన్నది కాదు, ఏపీ నుంచి వస్తే చాలు ఆపేశారు. తణుకుకీ చిత్తూరుకీ మధ్య ఐదువందల కిలోమీటర్ల పైనే ఉంది, చిత్తూరు నుంచి కోలారు అందులో ఐదోవంతు దూరమేమో, అయినా బర్డ్ ఫ్లూ విషయంలో చిత్తూరు కోడి తణుకు కోడితో జమ అయిపోయింది, కోలారు కోడి మాత్రం కాలేదు. జబ్బు ఉన్న చోటుకీ, రూలు పనిచేసే చోటుకీ ఇంత దూరం ఎందుకు వస్తుంది అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ముందు చట్టం సంగతి. పశువుల జబ్బుల నివారణ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది, 15వ అంశం. కానీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉంది, 29వ అంశం, అది మనుషుల జబ్బైనా, పశువులదైనా, పంటలదైనా. ఆ 29వ అంశం పరిధిలోకి వచ్చే పనికోసమే కేంద్రం 2009లో పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం తెచ్చింది. బర్డ్ ఫ్లూ, కొక్కెర తెగులు, గంబోరో, మారెక్స్, పుల్లోరం లాంటి కోళ్ల జబ్బులు ఆ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి. షెడ్యూల్‌లో ఉన్న జబ్బు వచ్చిందని అనుమానం వస్తే చాలు, ఖాయం కానక్కర్లేదు, కోళ్ల యజమాని ఊళ్ళో అధికారికో పంచాయతీకో చెప్పి తీరాలి, వాళ్ళు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరుకి తెలియజేయాలి, జబ్బు కోళ్లని మిగతావాటి నుంచి వేరు చేయాలి. ఏ ప్రాంతాన్నైనా కంట్రోల్డ్ ఏరియాగా ప్రకటించి అక్కడ పశువుల రాకపోకలు ఆపే అధికారం, చెక్‌పోస్టులు, క్వారంటైన్ క్యాంపులు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఇంత చట్టంలో జరిమానా ఎంత రాశారో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది, మొదటిసారి తప్పుకి ఎక్కువలో ఎక్కువ వెయ్యి రూపాయలు, మళ్ళీ చేస్తే రెండువేలు. ఒక బండి బ్రాయిలర్ల విలువ లక్షల్లో ఉంటుంది. జరిమానా భయంతో ఎవరూ ఆగరు, కాబట్టి ఈ వ్యవస్థ నడవాలంటే రైతుకీ బండివాడికీ రూలు పాటించడమే లాభంగా ఉండాలి, లేకపోతే కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక బర్డ్ ఫ్లూకి విడిగా ఒక జాతీయ యాక్షన్ ప్లాన్ ఉంది, 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డ దగ్గర్నుంచి దాన్ని మార్చుకుంటూ వచ్చారు, 2021లో మళ్ళీ సవరించారు. అందులో లెక్క చాలా క్లియర్‌గా ఉంటుంది. అనుమానం రాగానే ఆ ఫారం చుట్టూ పది కిలోమీటర్ల దాకా అలర్ట్ జోన్, కోళ్లు గానీ గుడ్లు గానీ మేత గానీ కదలకూడదు. ల్యాబ్ ఖాయం చేశాక ఫారం చుట్టూ ఒక కిలోమీటరు ఇన్‌ఫెక్టెడ్ జోన్, అందులో కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి, గుడ్లు, మేత కూడా నాశనం చేయాలి. ఒకటి నుంచి పది కిలోమీటర్ల దాకా సర్వైలెన్స్ జోన్, అక్కడ కోళ్లని చంపరు, శాంపిల్స్ తీస్తూ ఉంటారు, రాకపోకలు కంట్రోల్‌లో పెడతారు. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అధికారులు ఇదే కొలత పెట్టుకున్నారు, పది కిలోమీటర్ల లోపు చికెన్ షాపులు కొన్ని రోజులు, కిలోమీటరు లోపు అయితే మూడు నెలలు మూయాలని చెప్పారు. యూరప్‌లో కూడా ఇదే తరహా, అక్కడ మూడు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ రూల్‌బుక్ కూడా దేశం మొత్తాన్ని ఒకే ముద్దగా చూడొద్దు, జోన్లుగా చూడండి అనే చెబుతుంది.

ఈ జోన్ల విషయంలో మన దేశం ఒక పెద్ద కేసు ఓడిపోయింది కూడా. అమెరికాలో ఎక్కడో ఒక రాష్ట్రంలో బర్డ్ ఫ్లూ వస్తే ఆ దేశం మొత్తం నుంచి చికెన్, గుడ్లు రాకుండా మనం ఆపేసేవాళ్ళం. అమెరికా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కింది, 2014లో ప్యానెల్, 2015 జూన్‌లో అప్పీల్ బాడీ, రెండూ మనకి వ్యతిరేకంగానే చెప్పాయి, జబ్బు లేని ప్రాంతాలని విడిగా గుర్తించాలి, దేశం పేరు చూసి ఆపడం కుదరదు అని. అంటే వాషింగ్టన్ ముందు మనం ఒప్పుకోక తప్పని సూత్రాన్ని మన రాష్ట్రాలు ఒకదానికొకటి ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోవట్లేదు. పాలమూరు రైతుకీ పుంగనూరు రైతుకీ మధ్య, గుడియాత్తం రైతుకీ గంగాధర నెల్లూరు రైతుకీ మధ్య కూడా ఆ సూత్రం అంతే న్యాయంగా వర్తించాలి కదా.

అయితే పక్క రాష్ట్రం అధికారుల వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించాలి, వాళ్ళు ఊరికే మొండితనంతో ఆపట్లేదు. నంగిలి దగ్గర నిలబడిన ఒక అధికారి ముందు రాత్రి రెండు గంటలకి ఒక కోళ్ల బండి వచ్చి ఆగింది అనుకోండి, ఏపీ నంబర్ ప్లేటు తప్ప ఆ కోళ్లు చిత్తూరువా, నెల్లూరువా, గోదావరివా చెప్పే ఆధారం ఏముంది ఆయన దగ్గర? బతికున్న కోళ్లకీ, పెంకుతో ఉన్న తాజా గుడ్లకీ జీఎస్టీ లేదు కాబట్టి ఈ-వే బిల్లు అక్కర్లేదు, మిగతా సరుకుకి ఉండే ఆన్‌లైన్ జాడ వీటికి ఉండదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, పన్ను విషయంలో అది మంచిదే కావచ్చు, కానీ ఏ రోజు ఏ సరుకు ఎటు పోయింది అని రాసుకునే ఒక పుస్తకం కూడా దాంతో పోయింది. ఆవులకీ గేదెలకీ చెవికి ట్యాగ్ ఉంది, నంబర్ కొడితే వివరం వస్తుంది, కోడికి అలా కుదరదు, మందకి నంబర్ ఇవ్వాలి, అది మన దగ్గర లేదు. జాడ తెలీని చోట భయపడ్డవాడు మొత్తం ఆపేస్తాడు. కాబట్టి రాష్ట్రం మొత్తం బ్యాన్ పెట్టొద్దు అని అడగడం ఒక్కటే సరిపోదు, ఈ లోడు ఫలానా ఫారందే అని నిరూపించే పద్ధతి మనవైపు నుంచి ఉండాలి, అప్పుడే ఆ మాటకి బలం.

ఇక్కడ హెల్త్ సర్టిఫికెట్ సంగతి వస్తుంది. కోళ్లని తరలించే ముందు పశువుల డాక్టరు చూసి అంటురోగాలు లేవు, ప్రయాణానికి తగినట్టు ఉన్నాయి అని సర్టిఫికెట్ ఇవ్వాలని 1978 నాటి పశు రవాణా రూల్స్‌లో, కోళ్ల కోసం 2001లో చేర్చిన అధ్యాయంలో ఉంది. మంచి రూలే. కానీ కంటితో చూసి ఇచ్చే సర్టిఫికెట్ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలుసుకోవాలి. ఆ రోజు ఆ కోళ్లు చూడటానికి బాగున్నాయి, అంతవరకే అది చెప్పేది. బర్డ్ ఫ్లూకి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మంద మొత్తానికి ఇంక్యుబేషన్ పద్నాలుగు రోజులు అనుకోవాలి, అంటే వైరస్ షెడ్డులోకి వచ్చినా బయటికి కనపడని రోజులు ఉంటాయి. కొక్కెర తెగులు విషయంలో ఇంకో చిక్కు, లసోటా, ఆర్2బీ టీకాలు వేసిన కోడికి జబ్బు పెద్దగా రాకపోవచ్చు కానీ వైరస్ మాత్రం దాని రెట్టలో, శ్వాసలో కొన్నాళ్ళు బయటికి వస్తూనే ఉంటుంది, టీకా వేసిన ఆరోగ్యమైన కోడి టీకా లేని నాటుకోడి పక్కన చేరితే ఆ నాటుకోడి పోతుంది. అందుకే సర్టిఫికెట్‌లో కోడిని చూసి రాసిన మాట కంటే ఫారం రికార్డు చూసి రాసిన మాట విలువైనది, గత రెండు వారాల్లో రోజూ ఎన్ని చనిపోయాయి, మేత, నీళ్ళు తాగడం తగ్గిందా, లేయర్లు (గుడ్ల కోసం పెంచే కోళ్లు) అయితే గుడ్ల శాతం పడిందా, మెత్తటి పెంకు గుడ్లు పెరిగాయా. ఈ నాలుగు అంకెలు ప్రతి ఫారంలో గోడకి వేలాడే కార్డు మీద ఉంటాయి, సర్టిఫికెట్‌లోకి ఎక్కేది మాత్రం తక్కువ.

జబ్బు దేని మీద ఎక్కి పోతుంది అన్నది ఇంకా లోతైన విషయం, రూల్స్ రాసేవాళ్ళు కోడి మీదే చూపు పెడతారు గానీ కోడి చుట్టూ తిరిగేవి చాలా ఉన్నాయి. బర్డ్ ఫ్లూ వైరస్ రెట్టలో నాలుగు డిగ్రీల చలిలో ముప్పై అయిదు రోజులు, ముప్పై ఏడు డిగ్రీల వేడిలో కూడా ఆరు రోజులు బతికినట్టు డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. ఆరు రోజుల్లో ఒక లారీ చెన్నైకి ఎన్నిసార్లు పోయొస్తుందో లెక్కేసుకోండి. టైర్ల మధ్య ఇరుక్కున్న బురద, క్లీనర్ చెప్పులు, బ్రాయిలర్ల క్రేట్ల అడుగున ఎండిపోయిన రెట్ట, ఇవన్నీ ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి జబ్బుని మోసుకెళ్ళేవే. ముఖ్యంగా లిఫ్టింగ్ గ్యాంగ్, రాత్రిపూట కోళ్లని పట్టి బండికెక్కించే కూలీలు, ఒక రాత్రిలో రెండు మూడు ఫారాలు తిరుగుతారు, అవే బట్టలు, అవే చేతులు. పాపం వాళ్ళ తప్పు ఏం లేదు, ఫారం గేటు దగ్గర బట్టలు మార్చుకునే గది, సబ్బు, నీళ్ళు ఎవరూ ఇవ్వరు. బ్రాయిలర్ షెడ్డులో ఒకేసారి మొత్తం ఎత్తకుండా ముందు పెద్దవి కొన్ని, నాలుగు రోజులకి ఇంకొన్ని ఎత్తుతారు, అలా ఎత్తిన ప్రతిసారీ మిగిలిన కోళ్ల మధ్యకి బయటి మనుషులు, బయటి క్రేట్లు వచ్చి పోతాయి. రిస్క్ అంతా ఆ మిగిలిన కోళ్ల మీదే.

గుడ్ల ట్రేల గురించి ఎంత చెప్పినా తక్కువే. ముప్పై గుడ్ల అట్ట ట్రే చవక, కానీ కడగడానికి కుదరదు, మందు కొడితే నాని విరిగిపోతుంది, అలాంటి ట్రే పట్నం హోల్‌సేల్ షాపులో పది ఫారాల ట్రేలతో కలిసిపోయి మళ్ళీ ఏదో ఒక ఫారానికి తిరిగి వస్తుంది. ప్లాస్టిక్ ట్రే ఖరీదు ఎక్కువైనా కడిగి మందులో ముంచొచ్చు. అట్ట ట్రే బయటికి పోతే మళ్ళీ లోపలికి రాకూడదు అన్న ఒక్క పద్ధతి పెట్టుకున్నా చాలా రిస్క్ తగ్గుతుంది, దీనికి ప్రభుత్వం ఆర్డర్ కూడా అక్కర్లేదు. బండి కడిగే విషయంలో కూడా చిన్న కిటుకు ఉంది, రెట్ట, బురద పైన ఉండగా డిసిన్ఫెక్టెంట్ కొడితే మందు ఆ మురికితోనే కలిసిపోయి పనిచేయదు, ముందు నీళ్ళతో, సబ్బుతో కడగాలి, తర్వాత మందు కొట్టి దానికి టైమివ్వాలి. చెక్‌పోస్టు దగ్గర కదిలే బండి టైర్ల మీద స్ప్రే కొట్టి పంపేయడం టీవీలో బాగా కనపడుతుంది, పని మాత్రం పెద్దగా జరగదు.

కోడి, గుడ్డు అని రెండు మాటల్లో చెప్పేస్తాం గానీ రూల్స్ లెక్కలో గుడ్లు రెండు రకాలు. తినే గుడ్డు వంటింట్లో ఉడికిపోతుంది, పొదిగే గుడ్డు మాత్రం ఇంకో ఫారంలో కోడి అవుతుంది. పుల్లోరం, ఫౌల్ టైఫాయిడ్, మైకోప్లాస్మా లాంటి జబ్బులు తల్లి నుంచి గుడ్డు లోపలికే వస్తాయి, పిల్ల పుట్టడమే జబ్బుతో పుడుతుంది, హేచరీలో పక్క పిల్లలకి అంటిస్తుంది, అక్కడి నుంచి ఒక బ్యాచ్ పిల్లలు మూడు రాష్ట్రాల ఫారాలకి పోతాయి. అందుకే పొదిగే గుడ్ల విషయంలో లోడు చూడటం దండగ, బ్రీడర్ మందకి, అంటే ఆ గుడ్లు పెట్టిన తల్లి కోళ్లకి రక్తపరీక్ష ఎప్పుడు చేశారు, రిజల్ట్ ఏంటి అన్నది చూడాలి. ఒకరోజు పిల్లల రవాణా ఇంకో రకం, పొట్టలో మిగిలిన పచ్చసొన మీద పిల్ల డెబ్బై రెండు గంటల దాకా బతకగలదు కాబట్టే దేశమంతా పిల్లల్ని పంపగలుగుతున్నారు, కానీ బోర్డర్‌లో కాగితం లేదని ఏప్రిల్ ఎండలో ఆరు గంటలు నిలబెడితే ఆ గంటలన్నీ పిల్ల ప్రాణంలోంచే పోతాయి. పిల్లలు పుట్టగానే ఆలస్యం లేకుండా పంపాలని, వాటి పెట్టెల అడుగున వల వాడకూడదని 1978 రూల్స్‌లోనే ఉంది. పెద్ద కోళ్లకైతే తలా 480 చదరపు సెంటీమీటర్ల చోటు, పెట్టెకి పన్నెండే కోళ్లు, పుంజులూ పెట్టలూ ఒకే పెట్టెలో వేయకూడదు, పెట్టె మీద పెట్టె పేర్చకూడదు అని రాశారు. హైవే మీద పోయే ఏ బ్రాయిలర్ బండి చూసినా ఇందులో ఏది పాటిస్తున్నారో తెలిసిపోతుంది. ఇది జాలి విషయం మాత్రమే అనుకోవద్దు, ఇరుకులో, దాహంలో ఉన్న కోడి ఒంట్లో ఓపిక తగ్గి లోపల దాగి ఉన్న సాల్మొనెల్లా లాంటివి రెట్టలో ఎక్కువగా బయటికి వస్తాయి, కింద వరుస కోళ్ల మీద పడతాయి. కోడి సుఖంగా లేని బండి ఆరోగ్యంగా కూడా ఉండదు.

మరి పెద్ద కంపెనీలకి ఒక దారి దొరికింది. ఫారం, హేచరీ, మేత మిల్లు అన్నీ ఒకే బయోసెక్యూరిటీ (జబ్బు లోపలికి రాకుండా పెట్టుకునే కట్టడి) కింద, బయటి ప్రపంచానికి తెగిపోయినట్టు నడిపిస్తే దాన్ని కంపార్ట్‌మెంట్ అంటారు, చుట్టూ జబ్బు వచ్చినా ఆ కంపార్ట్‌మెంట్ జబ్బు లేనిదిగానే లెక్క. 2023లో మన దేశం మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లో 26 కంపార్ట్‌మెంట్లని బర్డ్ ఫ్లూ లేనివిగా ప్రకటించుకుంటే ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఆ 26లో ఆంధ్రప్రదేశ్ లేదు. తమిళనాడు ఉంది. అంటే బోర్డర్‌కి ఆవల ఉన్న ఫారానికి ఎగుమతి దారి తెరుచుకుంది, ఈవల ఉన్నవాళ్ళకి లేదు. ఐదువేల కోళ్ల షెడ్డు ఉన్న రైతు ఒంటరిగా కంపార్ట్‌మెంట్ కాలేడు, అది నిజమే, కానీ ఒక మండలంలో పది ఇరవై మంది లేయర్ రైతులు కలిసి ఒకే మేత మిల్లు, ఒకే ట్రేల పద్ధతి, ఒకే రికార్డు పెట్టుకుంటే కనీసం పక్క రాష్ట్రం నమ్మే స్థాయికి రావొచ్చు. తిరుపతిలోనే వెటర్నరీ కాలేజీ ఉంది, 1955 నుంచి ఉంది, 2005లో వచ్చిన వెటర్నరీ యూనివర్సిటీ కేంద్రం కూడా ఇక్కడే. ఇంత దగ్గర్లో చదువు ఉండగా ఈ జిల్లాల రైతులకి ఒక మంచి మోడల్ తయారు చేయలేకపోవడం బాధగా అనిపిస్తుంది.

రూల్స్ కంటికి అసలు ఆనని కదలిక ఒకటి ఉంది. సంతల్లో నాటుకోళ్లు, సంక్రాంతి ముందు పందెం పుంజులు, బైకు హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసుకుని పోయేవి, బస్సు సీటు కింద బుట్టలో పోయేవి, వీటికి సర్టిఫికెట్ అడిగేవాళ్ళు లేరు. పందెం పుంజుకి ఖరీదు ఎక్కువ కాబట్టి దూరం కూడా ఎక్కువే తిరుగుతుంది. ఇంకొకటి బాతుల మందలు. వరి కోతలయ్యాక సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు పొలాల్లో రాలిన గింజలు మేపుకుంటూ వందల బాతులని తోలుకుంటూ వెళ్తారు, ఒక చోట మేత అయిపోతే లారీలో ఇంకో చోటికి. బాతుకి బర్డ్ ఫ్లూ వైరస్ సోకినా చాలాసార్లు పైకి ఏమీ కనపడదు, తిరుగుతూనే ఉంటుంది. అదే ప్రాంతంలో పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఉన్నాయి, చలికాలంలో మధ్య ఆసియా నుంచి వలస పక్షులు దిగుతాయి, ఫ్లెమింగో ఫెస్టివల్ చేసుకునేది వాటి పేరు మీదే. అడవి పక్షి, బాతు, పెరటి కోడి, తర్వాత ఫారం, ఈ వరుసలో మొదటి మూడు మెట్లూ తిరుపతి జిల్లాలో పక్కపక్కనే ఉన్నాయి. పక్షులని తప్పుపట్టడం సరికాదు, అవి ఎప్పటినుంచో వస్తున్నాయి. ఆ నీళ్ళ దగ్గర మేసిన బాతుల మంద కోళ్ల ఫారాల వైపు లారీ ఎక్కే ముందు ఒకసారి శాంపిల్ తీయడం, ఇది చేయాల్సిన పని. ఎరువు కూడా ఇలాంటిదే, బ్రాయిలర్ షెడ్డు లిట్టర్ (రెట్ట కలిసిన ఊక) కుప్ప వేసి మాగకుండా పచ్చిగానే ట్రాక్టర్‌లో ఇంకో మండలానికి పోతుంది, టార్పాలిన్ కూడా కప్పరు.

తినేవాళ్ళ భయం గురించి కొంచెం. బాగా ఉడికిన చికెన్‌తో, గుడ్డుతో ప్రమాదం లేదు, మాంసం లోపలి దాకా డెబ్బై డిగ్రీలు చేరితే వైరస్ నాలుగు సెకన్లు కూడా నిలవదు, మన కూరలు మరిగే వేడి అంతకంటే చాలా ఎక్కువ. పచ్చి మాంసం, సగం ఉడికిన గుడ్డు, కోసే చోట రక్తం, వీటితోనే జాగ్రత్త. 2025 మార్చిలో నరసరావుపేటకి చెందిన రెండేళ్ళ పాప హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో చనిపోయింది, కాబట్టి దీన్ని రైతుల ఆదాయం విషయంగా మాత్రమే చూసి తేలిగ్గా తీసుకోకూడదు, రూల్స్ వెనక నిజమైన ప్రాణభయం ఉంది. ఆ కారణంగానే రూలు గురి తప్పకుండా ఉండాలని ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది. జబ్బు లేని జిల్లా బండ్లని కూడా ఆపేస్తే సరుకు ఆగిపోదు, అది మెయిన్ రోడ్డు వదిలి గుడిపాల పక్క ఊళ్ళ దారులో, పాలసముద్రం వైపు దారులో, కుప్పం చుట్టూ ఉన్న చిన్న రోడ్లో పట్టుకుంటుంది, చెక్‌పోస్టులో కనీసం కనపడే బండి కూడా అప్పుడు కనపడకుండా పోతుంది. షెడ్డులో నలభై అయిదు రోజులు దాటిన బ్రాయిలర్ రోజూ మేత తింటూనే ఉంటుంది, రైతు దాన్ని ఎక్కడో ఒక చోట అమ్మక తప్పదు.

రిపోర్ట్ చేయడం దగ్గర కూడా ఇదే లెక్క. ప్రభుత్వం చంపించిన కోళ్లకి నష్టపరిహారం ఇస్తుంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం, నాశనం చేసిన గుడ్లకీ మేతకీ కూడా ఇస్తారు. ముందే చచ్చిపోయిన కోళ్లకి రాదు. అంటే ముందుగా చెప్పిన రైతుకి ఎక్కువ డబ్బు వస్తుంది, దాచిపెట్టినవాడికి తగ్గుతుంది, ఆలోచన మంచిదే, కానీ ఈ సంగతి రైతులకి చెప్పే నాథుడు లేడు, చాలామంది చెబితే ఫారం మూయించేస్తారనే భయంతో చచ్చినవాటిని గుంతలో వేసి మిగతావాటిని తొందరగా అమ్మేస్తారు, అన్నిటికంటే ప్రమాదకరమైన లోడు సరిగ్గా అదే. ఇంటిగ్రేషన్‌లో పెంచే రైతు పరిస్థితి ఇంకా చిక్కు, కోళ్లు కంపెనీవి, షెడ్డు, కూలీ, కరెంటు రైతువి, కిలోకి ఇంత అని పెంపకం కూలీ వస్తుంది. పరిహారం లెక్క కోడికి కట్టారు గానీ ఆ రైతు పోగొట్టుకునే కూలీకి, తర్వాత నెలల తరబడి ఖాళీగా ఉండే షెడ్డుకి లెక్క లేదు. కోళ్లు చనిపోతున్నాయని ముందు చూసేది అతనే, ఫోన్ చేయాల్సింది కూడా అతనే, అతనికి మాత్రం చేతికి ఏమీ రాదు. పరిహారంలో పెంపకందారు వాటా విడిగా రాయడం ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ముందు చేయాల్సిన మార్పు.

రెండోది, లోడుతో పాటు పోయే ఒక కాగితం, లేదా ఫోన్‌లో ఒక క్యూఆర్ కోడ్. అందులో ఫారం ఉన్న ఊరు, మండలం, మంద వయసు, వేసిన టీకాలు, పద్నాలుగు రోజుల చావుల అంకె, బండి కడిగిన తేదీ, ఇంతే ఉంటే చాలు. స్కూళ్ళకి పోయే గుడ్ల మీద రంగు ముద్ర వేసి తాజాదనం లెక్క చూడటం మన రాష్ట్రంలో ముందే జరిగింది, యూరప్‌లో 2004 నుంచి ప్రతి గుడ్డు మీదా ఫారం నంబర్ ముద్రిస్తున్నారు, మనం గుడ్డు గుడ్డుకీ కాకపోయినా లోడు లోడుకీ చేయగలం. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడు ఫారం రికార్డు చూసి ఎంటర్ చేస్తే పశువుల డాక్టరు ఆన్‌లైన్‌లో సంతకం పెట్టొచ్చు, రాత్రి లోడింగ్‌కి పగలంతా ఆస్పత్రి చుట్టూ తిరిగే పని తప్పుతుంది. మూడోది, చిత్తూరు, తిరుపతి, వేలూరు, తిరువళ్ళూరు, రాణిపేట, కృష్ణగిరి, కోలారు పశుసంవర్ధక అధికారులు జబ్బు లేని రోజుల్లోనే కూర్చుని మాట్లాడుకోవడం, ఎక్కడైనా పాజిటివ్ వస్తే ఎన్ని కిలోమీటర్ల లోపు బండ్లు ఆపాలి, ఏ కాగితం ఉంటే వదలాలి, శాంపిల్ రిజల్ట్ వచ్చేదాకా దారిలో ఉన్న పిల్లల బండిని ఏం చేయాలి అన్నది ముందే రాసిపెట్టుకోవడం. శాంపిల్ భోపాల్ పోయి ఖాయమై వచ్చేలోపు గడిచే రోజుల్లోనే గందరగోళం అంతా జరుగుతుంది. వలస పక్షులు అక్టోబర్ నుంచి దిగడం మొదలవుతుంది కాబట్టి ఆ మీటింగ్ సెప్టెంబర్ లోపు అయిపోవాలి, పులికాట్ చుట్టుపక్కల బాతుల, పెరటి కోళ్ల శాంపిల్స్ డిసెంబర్ లోపు ల్యాబ్‌కి చేరాలి, ఆ రిజల్ట్స్ పక్క రెండు రాష్ట్రాల ఆఫీసులకీ అడగకుండానే పంపాలి.